డిశ్చార్జ్ తర్వాత మిగిలే దగ్గు

అజిత్రోమైసిన్ పేరు కోవిడ్ రోజుల్లో మనందరికీ నోటికొచ్చేసింది. అంతకు కొన్నేళ్ల ముందే ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో పరిశోధకులు ఆ మందును ఆదివాసీ పిల్లలకు రెండు సందర్భాల్లో ఇచ్చి చూశారు. ఆయాసంతో ఆస్పత్రిలో చేరిన 219 మంది పసిపిల్లలతో ఒక ట్రయల్ జరిగింది. వారిలో కొందరికి వారానికొక డోసు చొప్పున మూడు వారాలు ఈ మందు ఇచ్చారు, మిగతావారికి మందు లేని ఉత్తుత్తి సిరప్ ఇచ్చారు. రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. మందు తీసుకున్న పిల్లలు ముందుగా ఇంటికెళ్లలేదు, తర్వాతి ఆరు నెలల్లో తిరిగి ఆస్పత్రిలో చేరడమూ తగ్గలేదు. ఇంకో ట్రయల్‌లో ఊపిరితిత్తులు అప్పటికే పాడవుతున్న 89 మంది పిల్లలకు ఇదే పద్ధతిలో రెండేళ్ల వరకు ఇచ్చి చూశారు. అక్కడ జబ్బు తిరగబెట్టడం సగానికి సగం తగ్గింది.

మందు ఒకటే, పిల్లలూ ఆ సమాజాల పిల్లలే. ఒకచోట ఏమీ చేయలేని మందు మరోచోట అంత మేలు ఎలా చేసింది? ఆస్పత్రిలో చేరిన ఆదివాసీ పిల్లల ఛాతీ ఇన్ఫెక్షన్లకు వైద్యం ఎలా ఉండాలన్న చర్చ ముప్పై ఏళ్లుగా ఈ ముడి చుట్టూనే తిరుగుతోంది. ముడి విప్పాలంటే ముందు వార్డులో ఏం జరుగుతుందో చూడాలి, ఆ తర్వాత వార్డు బయట ఏం జరుగుతుందో చూడాలి. నా దృష్టిలో రెండోదే అసలు కథ.

ఆస్ట్రేలియాలోని నార్తర్న్ టెరిటరీ అనే ప్రాంతం మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినదానికి దాదాపు ఐదు రెట్లు ఉంటుంది. అక్కడి జనాభా మాత్రం రెండున్నర లక్షలు. అందులో మూడో వంతుకు కాస్త తక్కువగా ఆదివాసీలు, వారిలో ఎక్కువ మంది పట్టణాలకు దూరంగా చిన్న చిన్న కమ్యూనిటీల్లో ఉంటారు. పెద్ద ఆస్పత్రి కావాలంటే ఉత్తరాన డార్విన్‌కు గానీ ఎడారి మధ్యనున్న అలైస్ స్ప్రింగ్స్‌కు గానీ వెళ్లాలి. మానింగ్రిడా లాంటి ఊరు డార్విన్‌కు 500 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. వానాకాలంలో అక్కడి మట్టిరోడ్లు మునిగిపోతాయి. పిల్లకు ఆయాసం ఎక్కువైతే చిన్న విమానమే దిక్కు. ఈ వార్డుల్లో భారతదేశం నుంచి వెళ్లిన డాక్టర్లూ నర్సులూ కనిపిస్తారు, వారిలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. పాడేరులోనో ఉట్నూరులోనో పనిచేసి వచ్చిన డాక్టరుకు ఈ దూరాల గురించి ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు.

పిల్లల్ని ఆస్పత్రికి చేర్చే జబ్బులు ప్రధానంగా రెండు. రెండేళ్లలోపు పిల్లలకు వచ్చేది బ్రాంకియోలైటిస్. ఊపిరితిత్తుల్లోని అతి సన్నని గొట్టాలు వాచి, జిగటగా మూసుకుపోతాయి. ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ దీనికి ముఖ్య కారణం, రైనోవైరస్ లాంటివీ తోడవుతాయి. రెండోది న్యుమోనియా. మన ఇళ్లలో 'నెమ్ము చేసింది' అనేది ఎక్కువగా దీన్నే. పుస్తకంలో రెండూ వేరు వేరు జబ్బులు. పది నెలల పిల్ల డొక్కలెగరేస్తూ, ముక్కుపుటాలు అదురుతూ, పాలు పట్టలేక ఏడుస్తూ అర్ధరాత్రి వచ్చినప్పుడు ఏది ఏదో తేల్చడం అంత తేలిక కాదు. చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి.

బ్రాంకియోలైటిస్‌కు వార్డులో చేసే వైద్యం చూస్తే కొత్తగా వచ్చిన తల్లికి 'వీళ్లేమీ చేయట్లేదే' అనిపిస్తుంది. ముక్కులో సెలైన్ చుక్కలు వేసి చీమిడి లాగేస్తారు. పసివాళ్లు నోటితో కన్నా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు కాబట్టి ఈ చిన్న పనికే సగం ఊరట. రక్తంలో ఆక్సిజన్ పడిపోతే సన్నని గొట్టంతో ఆక్సిజన్ పెడతారు. పాలు తాగలేకపోతే ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేసి కొద్దికొద్దిగా పడతారు. గంటగంటకూ ఊపిరి లెక్కపెడతారు. అంతే. నెబ్యులైజర్‌లో గొట్టాలు తెరిచే సాల్బుటమాల్ వేయడం, స్టెరాయిడ్ ఇవ్వడం, అందరికీ ఎక్స్‌రే తీయడం, అందరికీ యాంటీబయాటిక్ పెట్టడం, ఇవేవీ అక్కర్లేదని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పిల్లల డాక్టర్ల మార్గదర్శకాలు చెబుతాయి. వైరస్ తన దారిన తాను పోయేదాకా పిల్లను నిలబెట్టడమే ఇక్కడ వైద్యం.

ఇందులో ఈమధ్య వచ్చిన పెద్ద మార్పు హై ఫ్లో ఆక్సిజన్. వెచ్చబరిచి, తేమ పట్టించిన గాలిని, ఆక్సిజన్‌ను ముక్కులోకి ఎక్కువ వేగంతో పంపుతారు. 2018లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 1,472 మంది పసిపిల్లలతో జరిగిన ట్రయల్ ఫలితాలు వచ్చాయి. మామూలు ఆక్సిజన్ పెట్టినవారిలో 23 శాతం మందికి వైద్యం ఇంకా పెంచాల్సి వచ్చింది, హై ఫ్లో పెట్టినవారిలో అది 12 శాతం. నగరంలో ఉన్నవాళ్లకు ఇది ఒక మెషీన్ గొడవగా కనిపించొచ్చు. దగ్గర్లో పిల్లల ఐసీయూ లేని ఆస్పత్రిలో మాత్రం, ఇంకో విమానం ఎక్కించాలా వద్దా అన్నది ఒక్కోసారి దీనిమీదే తేలుతుంది. తల్లితో పాటు ఇంకెవరు వెళ్లాలి, ఇంటి దగ్గర మిగతా పిల్లల్ని ఎవరు చూసుకోవాలి అన్న టెన్షన్ అంతా ఆ నిర్ణయం వెనకే ఉంటుంది.

వైరస్ జబ్బుకు యాంటీబయాటిక్ పనిచేయదని తెలిసి కూడా ట్రయల్ ఎందుకు చేశారు? దానికి గట్టి కారణమే ఉంది. డార్విన్‌లోని మెంజీస్ పరిశోధనా సంస్థలో అమాండా లీచ్, ఆమె సహచరులు 1990ల్లోనే ఒక విషయం గమనించారు. మారుమూల కమ్యూనిటీల్లో పుట్టిన పిల్లల ముక్కుల్లో న్యుమోకోకస్, హీమోఫిలస్, మొరాక్సెల్లా బాక్టీరియాలు చాలా తొందరగా, కొందరిలో పుట్టిన కొద్ది వారాలకే చేరిపోతున్నాయి. ఒక్కో ఇంట్లో పదిమంది, పదిహేనుమంది ఉండడం, పిల్లలంతా కలిసి పడుకోవడం, చేతులు కడుక్కోవడానికి సరైన కుళాయి లేకపోవడం వల్ల ఒకరి ముక్కులోది ఇంకొకరి ముక్కులోకి వెళ్లడానికి అడ్డే లేదు. చెవిలో చీము కారడం అక్కడ అంత ఎక్కువగా ఉండటానికీ ఇదే మూలం. కాబట్టి వేరే పిల్లలకు కేవలం వైరస్ జబ్బుగా ఉన్నది ఈ పిల్లల్లో వైరస్, బాక్టీరియా రెండూ కలిసిన జబ్బేమో, యాంటీబయాటిక్ వేస్తే ఇక్కడ పనిచేస్తుందేమో అన్నది పరిశోధకుల ఆలోచన. తర్కానికి నిలిచే ఆలోచనే.

మొదట డార్విన్, టౌన్స్‌విల్ ఆస్పత్రుల్లో 97 మంది పిల్లలకు ఒక్క పెద్ద డోసు ఇచ్చి చూశారు. 2013లో ఫలితం వచ్చింది, లాభం కనిపించలేదు. ఒక్క డోసు చాలలేదేమోనని న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌ను కూడా కలుపుకొని మూడు డోసుల ట్రయల్ చేశారు. మొదట్లో చెప్పిన 219 మంది ట్రయల్ ఇదే, 2015లో ప్రచురించారు. మందు వల్ల ముక్కులోని బాక్టీరియా తగ్గింది, ఆ మేరకు మందు తన పని తాను చేసింది. పిల్లలు మాత్రం రెండు గుంపుల్లోనూ రెండు రోజుల పైచిలుకే ఆస్పత్రిలో ఉన్నారు. ఆ రెండు మూడు రోజుల్లో పిల్లను ఇబ్బంది పెడుతున్నది వైరస్ రేపిన వాపు, జిగట. బాక్టీరియాను తుడిచేసినా వాపు తగ్గదు. 'పనిచేయలేదు' అని తేల్చే ఇలాంటి ట్రయల్స్ పేపర్లలో హెడ్డింగులు కావు. కానీ ఇవి లేకపోతే ఆ వార్డుల్లో ఇవాళ్టికీ ప్రతి పసివాడికీ అజిత్రోమైసిన్ పోస్తూనే ఉండేవాళ్లు, 'వీళ్ల పిల్లలు వేరు, వీళ్లకు బలమైన మందు కావాలి' అనే నమ్మకంతో.

న్యుమోనియా విషయంలో ప్రశ్న ఇంకోలా వచ్చింది. ఇక్కడ యాంటీబయాటిక్ తప్పనిసరి, ఎన్ని రోజులన్నదే తేలలేదు. కెనడాలో, బ్రిటన్‌లో 2021లో వచ్చిన ట్రయల్స్ మామూలు న్యుమోనియాకు తక్కువ రోజుల మందు చాలని చూపించాయి. కెనడాలో పది రోజుల బదులు ఐదు, బ్రిటన్‌లో ఏడు రోజుల బదులు మూడు సరిపోయాయి. అవి ఊపిరితిత్తులు పాడయ్యే ముప్పు తక్కువగా ఉన్న పిల్లల లెక్కలు. ముప్పు ఎక్కువున్న చోట రోజులు తగ్గించడం ప్రమాదం కాదా? డార్విన్, ఆక్లండ్, మలేసియాలోని కోట కినబాలు కలిసి ఈ ప్రశ్న తీసుకున్నాయి. ఐదేళ్లలోపు వయసుండి న్యుమోనియాతో ఆస్పత్రిలో చేరిన 324 మంది పిల్లల్లో సగం మందికి ఐదారు రోజులు, మిగతావారికి రెండు వారాల దాకా అమాక్సిసిలిన్-క్లావ్యులనేట్ అనే యాంటీబయాటిక్ సాగింది. నాలుగు వారాలకు చూస్తే తేడా లేదు. రెండేళ్ల వరకు వెంట ఉండి చూసినా, మందు ఎక్కువ రోజులు వాడటం వల్ల దగ్గు మిగలడంలో గానీ ఊపిరితిత్తులు పాడవడంలో గానీ ఆశించిన మేలు తేలలేదు.

మన ఊళ్లలో పరిస్థితి దీనికి తలకిందులు. జలుబు చేసిన రెండో రోజుకే పిల్లకు ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ పడాలి, లేకపోతే డాక్టరుకు చేతకానట్టు లెక్క. సరే, ఆ గోల వేరే వ్యాసం.

మొత్తానికి మందు పెంచినా, రోజులు పెంచినా వార్డులో గెలుపు పెరగలేదు. మరి నష్టం జరుగుతున్నది ఎక్కడ? దీనికి జవాబు చెప్పే రెండు అంకెలు మధ్య ఆస్ట్రేలియా నుంచి వచ్చాయి. పదిహేనేళ్లలోపు ఆదివాసీ పిల్లల్లో వెయ్యికి కనీసం 14.7 మందికి, అంటే దాదాపు 68 మందిలో ఒకరికి, ఊపిరి గొట్టాలు పాడయ్యే బ్రాంకియెక్టాసిస్ ఉందని 2002లో పిల్లల ఊపిరితిత్తుల నిపుణురాలు యాన్ చాంగ్ బృందం లెక్క చెప్పింది. సంపన్న దేశాల్లో అంత ఎక్కువగా అరుదుగా కనిపించే జబ్బు అది. 2004లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, న్యుమోనియాతో ఆస్పత్రిలో చేరిన చరిత్ర ఉన్న పిల్లల్లో ఈ జబ్బు వచ్చే అవకాశం దాదాపు పదిహేను రెట్లుగా తేలింది. న్యుమోనియా ఎంత తీవ్రంగా వస్తే, ఎన్నిసార్లు వస్తే ముప్పు అంత.

బ్రాంకియెక్టాసిస్ అంటే ఊపిరి గొట్టాలు వదులైపోయి, ఉబ్బిపోయి, తిరిగి బిగుతు కాలేని స్థితి. ఎలాస్టిక్ పోయిన సాక్సులాగా. ఆ వదులైన గొట్టంలో తెమడ నిలిచిపోతుంది, తెమడలో బాక్టీరియా పెరుగుతుంది, దాన్ని చంపడానికి వచ్చిన తెల్లరక్తకణాలు వదిలే రసాయనాలు గొట్టం గోడనే ఇంకా తినేస్తాయి, గొట్టం ఇంకా వదులవుతుంది. పీటర్ కోల్ అనే బ్రిటిష్ వైద్యుడు 1980ల్లో దీన్ని విషవలయంగా వర్ణించాడు, ఇప్పటికీ అందరూ దాంతోనే మొదలుపెడతారు. మధ్య ఆస్ట్రేలియాలో ఈ జబ్బుతో ఆస్పత్రి పాలైన ఆదివాసీ పెద్దలు నలభైల్లోనే చనిపోవడం వైద్య పత్రికల్లోకి ఎక్కింది. వాళ్ల కథ చాలావరకు పసితనంలోనే మొదలై ఉంటుంది.

ఇందులో ఒక మంచి వార్త ఉంది. పిల్లల్లో తొలిదశలో పట్టుకుంటే ఇది వెనక్కి మళ్లగలదు. పెద్దల స్కాన్‌లో ఊపిరి గొట్టం పక్కనున్న రక్తనాళం కంటే లావుగా ఉంటేనే జబ్బు అనేవారు. పిల్లలకు ఆ కొలత పనికిరాదని, రక్తనాళంలో 0.8 వంతు దాటినా అనుమానించాలని చాంగ్ బృందం చూపించింది. ఇది వినడానికి రేడియాలజీ చిల్లర లెక్కలా ఉంటుంది. కానీ పాత కొలతతో 'నార్మల్' అని ఇంటికి పంపిన పిల్లల్లో కొందరు మందు పడితే కోలుకునే దశలోనే ఉండి ఉంటారు. కొలత మారడమంటే వాళ్లు దొరకడం.

ఇక మొత్తం వ్యవహారం ఒక మామూలు లక్షణం దగ్గరికి వచ్చి ఆగుతుంది: కఫం దగ్గు. పొడి దగ్గు కాదు, గొంతులో గళ్ల కదులుతున్నట్టు వినిపించే తడి దగ్గు. చిన్నపిల్లలు ఉమ్మలేరు, మింగేస్తారు. అందుకే తెమడ కంటికి కనబడదు, చెవికే వినబడాలి. అలాంటి దగ్గు నాలుగు వారాలు దాటి రోజూ ఉంటే అది మామూలు జలుబు తాలూకు దగ్గు కాదు. రెండు వారాలు సరైన యాంటీబయాటిక్ ఇవ్వాలి, తగ్గకపోతే నాలుగు వారాల దాకా పొడిగించాలి, అప్పటికీ పోకపోతే పెద్ద ఆస్పత్రికి పంపి సీటీ స్కాన్, అవసరమైతే గొట్టం వేసి లోపల చూడటం. బ్రాంకియోలైటిస్‌తో ఆస్పత్రికి వచ్చి వెళ్లిన ఆదివాసీ పసిపిల్లల్ని గేబ్రియెల్ మెక్‌కల్లమ్ బృందం వెంటాడి చూసింది. మూడు వారాలకూ దగ్గు పోని పిల్లల్లోనే తర్వాత బ్రాంకియెక్టాసిస్ ఎక్కువగా బయటపడింది. అంటే ఆస్పత్రిలో చేరిన రోజు పిల్ల ఎంత ఆయాసపడిందన్నదొక్కటే చాలదు. ఇంటికెళ్లి మూడు వారాలయ్యాక ఎలా దగ్గుతోందన్నదీ చూడాలి.

మరి ఆ మూడో వారంలో ఎవరు వింటున్నారు? చాలాసార్లు ఎవరూ వినట్లేదు. పిల్ల డిశ్చార్జ్ అయి విమానంలో ఊరికి వెళ్తుంది. ఇంగ్లీషులో రాసిన డిశ్చార్జ్ కాగితం ఊరి క్లినిక్ కంప్యూటర్లోకి చేరుతుంది. యోల్ఙు మాత, వార్ల్‌పిరి, అరెర్న్ట లాంటి భాషలు మాట్లాడే కుటుంబానికి దానిలో ఏముందో చెప్పేవారు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. క్లినిక్ నర్సులు కొద్ది నెలలకే మారిపోతుంటారు. కొత్తగా వచ్చిన నర్సు ఆ ఊళ్లో పిల్లలందరికీ ముక్కు కారుతూ, దగ్గుతూ ఉండటం చూసి ఇక్కడ ఇది మామూలే అనుకుంటుంది. అమ్మకూ అలాగే అనిపిస్తుంది, ఎందుకంటే తన చిన్నప్పుడూ అలాగే దగ్గింది, క్లినిక్‌లో ఎవరూ అది జబ్బని చెప్పలేదు. కొందరికి ఆస్తమా అని ఇన్‌హేలర్ ఇచ్చి పంపేస్తారు, తెమడ అలాగే ఉంటుంది. ఆదివాసీ కుటుంబాలు పట్టించుకోవని అనేవాళ్లకు పశ్చిమ ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతం నుంచి జవాబు వచ్చింది. అక్కడ తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడిన పరిశోధకులకు అర్థమైంది ఇదీ: ఆ దగ్గు ప్రమాదకరమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, చెబితే వినాలనీ తెలుసుకోవాలనీ వాళ్లకు గట్టిగానే ఉంది. సాధారణమే అనుకోవడం అనే తప్పు కుటుంబాల కన్నా ముందు వైద్యులది.

ఈ ఖాళీ పూడ్చేందుకు మెంజీస్ వాళ్లు బొమ్మల చార్టులు, ఆదివాసీ భాషల్లో వినిపించే యాప్ తయారుచేశారు. పిల్ల ఊపిరితిత్తి బొమ్మ చూపించి, మామూలు దగ్గు ఎలా ఉంటుందో, తడి దగ్గు ఎలా ఉంటుందో వినిపించి, ఎన్నాళ్లుంటే క్లినిక్‌కు రావాలో చెబుతాయి. ఆ ఊరి భాష మాట్లాడే ఆదివాసీ ఆరోగ్య కార్యకర్త చెబితే ఫలితం వేరుగా ఉంటుంది. మన ఆశా కార్యకర్త చేతిలో బొమ్మల పుస్తకం చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

ఇప్పుడు మొదటి ముడి దగ్గరికి వద్దాం. రెండేళ్ల అజిత్రోమైసిన్ ట్రయల్‌లో చేర్చుకున్నది ఒకటి నుంచి ఎనిమిదేళ్ల మధ్య వయసున్న, విషవలయంలో అప్పటికే చిక్కుకున్న పిల్లల్ని. వాళ్లలో సమస్య వారం రోజుల్లో పోయే వైరస్ కాదు, గొట్టాల్లో కాపురం పెట్టిన బాక్టీరియా, ఆరని వాపు. ఈ మందు బాక్టీరియాను అణచడమే కాకుండా వాపునూ కొంత తగ్గిస్తుంది. శరీర కణజాలంలో రోజుల తరబడి నిలుస్తుంది కాబట్టి వారానికొక్క డోసు చాలు. రోజుకు రెండుపూటలా మందు పట్టాలంటే, ఫ్రిజ్ కూడా నమ్మకం లేని ఇంట్లో ఎవరికి కుదురుతుంది? వారానికొకసారి క్లినిక్‌లోనో ఇంటి గుమ్మంలోనో కార్యకర్త ఎదురుగా పోసేస్తే పని అయిపోతుంది. మందు ఎంపికలో ఆ ఊరి జీవితాన్ని లెక్కలోకి తీసుకున్నారు, నాకు ఈ ట్రయల్‌లో అన్నిటికంటే నచ్చింది అదే.

అయితే దీనికి మూల్యం ఉంది. ట్రయల్ చివర్లో ముక్కుల్లో చూస్తే, మందు తీసుకున్నవారిలో 46 శాతం మందికి ఈ తరగతి మందులకు లొంగని బాక్టీరియా కనిపించింది, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 11 శాతం మందికే. ఒక ఇంట్లో పదిహేనుమంది ఉన్నచోట ఒక పిల్ల ముక్కులోని మొండి బాక్టీరియా ఆ పిల్ల దగ్గరే ఆగదు. పైగా ఈ కమ్యూనిటీల్లో ట్రకోమా కంటి జబ్బును తరిమేయడానికి ఊరంతటికీ కలిపి ఇచ్చే మందు కూడా ఇదే. తర్వాత ఇదే సమాచారాన్ని మళ్లీ తిరగేస్తే ఇంకో సంగతి బయటపడింది. ఆస్ట్రేలియా పిల్లల్లో డోసులు 70 శాతం పైగా సక్రమంగా తీసుకున్నవారికన్నా, మధ్యమధ్యలో మానేసినవారిలోనే మొండి బాక్టీరియా ఎక్కువ. సగం సగం మందు వాడటం అసలు వాడకపోవడం కన్నా చెరుపు చేయొచ్చన్నమాట. అందుకే ఇప్పుడు ఈ దీర్ఘకాలపు మందును అందరికీ కాకుండా, ఏడాదిలో మూడుసార్లు, అంతకన్నా ఎక్కువ జబ్బు తిరగబెట్టినవారికో, దానివల్ల ఆస్పత్రిలో చేరాల్సి వస్తున్నవారికో ఇస్తున్నారు. దాంతోపాటు తెమడ బయటకు తెప్పించే ఛాతీ ఫిజియోథెరపీ, మంచి తిండి, టీకాలు, ఇంట్లో పొగ లేకపోవడం. మందు ఒక్కటే సరిపోదు.

ఇది ఆస్ట్రేలియాకే పరిమితమైన కథ కాదు. అలాస్కాలో యూకాన్-కస్కోక్విమ్ నదీ ముఖద్వారాల్లోని యూపిక్ ఆదివాసీ పిల్లలు, న్యూజిలాండ్‌లో మావొరీ, పసిఫిక్ దీవుల పిల్లలు కూడా ఇదే దారిలో నడుస్తున్నారు. మూడు దేశాల పిల్లల్నీ పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనం ఒకటి ఉంది. మంచు ప్రాంతమొకటి, ఎడారి ఒకటి, సముద్రపు దీవి ఒకటి. వాతావరణంలో పోలికే లేదు. పోలిక ఎక్కడుందంటే ఇరుకిళ్లలో, పేదరికంలో, పసితనంలో పదేపదే వచ్చే ఛాతీ ఇన్ఫెక్షన్లలో. అలాస్కాలో ఇంట్లోకి కుళాయి నీళ్లు రాని గ్రామాల్లో పిల్లలు న్యుమోనియాతో, ఆర్‌ఎస్‌వీతో ఆస్పత్రి పాలవడం ఎక్కువని 2008లో చూపించారు. చేతులు కడగడానికి నీళ్లుండటం ఊపిరితిత్తుల వైద్యమే, కానీ దాన్ని ఏ డాక్టరూ చీటీ మీద రాయలేడు. ఈ జాతుల రక్తంలో ఏదో లోపం ఉందని వెతికేవాళ్లు ముందు ఆ ఇళ్లకు వెళ్లి రావాలి.

టీకాలు మాత్రం చెప్పుకోదగ్గ పని చేశాయి. న్యుమోకోకస్ టీకాను ఆస్ట్రేలియాలో 2001లోనే ఆదివాసీ పిల్లలకు ముందుగా ఇచ్చారు, మిగతా పిల్లలందరికీ 2005లో. తీవ్రమైన న్యుమోకోకస్ జబ్బులు తగ్గాయి. అయితే పాడైన ఊపిరితిత్తుల్లో ఎక్కువగా ఉండే హీమోఫిలస్ రకానికి టీకా కవచం లేదు కాబట్టి బ్రాంకియెక్టాసిస్ మీద ప్రభావం పరిమితం. ఆర్‌ఎస్‌వీ విషయంలో ఇప్పుడిప్పుడే ద్వారం తెరుచుకుంది. 2024లో పశ్చిమ ఆస్ట్రేలియా నిర్సెవిమాబ్ అనే యాంటీబాడీ ఇంజెక్షన్‌ను పసివాళ్లకు ఇవ్వడం మొదలుపెట్టింది. 2025 నుంచి గర్భిణులకు 28 నుంచి 36 వారాల మధ్య ఆర్‌ఎస్‌వీ టీకా దేశమంతటా ఉచితం, దానితోపాటు అవసరమైన పసివాళ్లకు ఆ ఇంజెక్షన్.

మనవైపు చూస్తే, తెలంగాణ సరిహద్దుకు ఆనుకునే ఇంకో ఆధారం ఉంది. ప్రాణహిత అవతలి ఒడ్డున ఉన్న గడ్చిరోలిలో, గోండు, మాడియా ఊళ్లున్న ఆ జిల్లాలో, అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1980ల చివర్లో ఒక ప్రయోగం చేశారు. ఊళ్లో ఆరోగ్య కార్యకర్తలకూ మంత్రసానులకూ పిల్లల ఊపిరి లెక్కపెట్టడం, న్యుమోనియాను గుర్తించడం, కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ ఇవ్వడం నేర్పారు. 1990లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం, ఐదేళ్లలోపు పిల్లల్లో న్యుమోనియా చావులు కార్యక్రమం లేని ఊళ్లలో వెయ్యికి 17.5 ఉంటే, ఉన్న ఊళ్లలో 8.1. అక్కడి సమస్య ఆస్పత్రికి చేరకముందే పిల్లలు చనిపోవడం, డార్విన్‌లో ఆస్పత్రి నుంచి బతికి వెళ్లాక ఊపిరితిత్తులు పోవడం. రెండుచోట్లా లోటు పడింది వార్డులో కాదు, ఊళ్లో.

మన ఏజెన్సీలో ఇప్పటికీ గర్భిణుల్నీ జ్వరం పిల్లల్నీ డోలీలో మోస్తున్న గూడేలున్నాయి. అలాంటిచోట మొదటి పని ఇంకా గడ్చిరోలి పనే. కానీ రోడ్లు, అంబులెన్సులు మెరుగై ఎక్కువ మంది పిల్లలు బతికి ఇంటికెళ్తున్న కొద్దీ డార్విన్ ప్రశ్న కూడా వస్తుంది. మనకు ఒక అదనపు చిక్కుంది, అది క్షయ. మన దగ్గర పిల్లకు రెండు వారాలు దాటి దగ్గుంటే, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉంటే మరీ, ముందు ఆ పరీక్ష చేయించాలి. ఆస్ట్రేలియా నాలుగు వారాల సూత్రాన్ని ఉన్నదున్నట్టు దించుకుంటే ఆ రెండు వారాలు పోతాయి. ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ సీసాతో సొంత వైద్యం చేస్తే టీబీ దొరకడం ఇంకా ఆలస్యమవుతుంది.

ఆస్ట్రేలియాలో ఈ రంగంలో ఉన్నవాళ్లు ఇప్పుడు డిశ్చార్జ్ చేసేటప్పుడే మూడు నాలుగు వారాల తర్వాత ఎవరు చూస్తారో పేరుతో సహా రాసి పంపాలని పట్టుబడుతున్నారు. పిల్ల ఇంకా దగ్గుతోందా, ఆ దగ్గు తడిగా ఉందా, రోజూ ఉందా, ఈ మూడు ప్రశ్నలు అడిగి చెవి పెట్టి వినడానికి స్కాన్ అక్కర్లేదు, నిపుణుడు అక్కర్లేదు. ఆర్‌ఎస్‌వీ టీకాతో 2025లో పుట్టిన పిల్లల్లో ఆస్పత్రి చేరికలు తగ్గితే అది ఒకటి రెండు సీజన్లలోనే లెక్కల్లో కనిపిస్తుంది. బ్రాంకియెక్టాసిస్ తగ్గిందో లేదో తెలియాలంటే మాత్రం ఆ పిల్లలు బడికి వెళ్లే వయసు వచ్చేదాకా వాళ్ల దగ్గును వింటూనే ఉండాలి.